మేనమామకు గేట్ పాస్

ఖతార్‌లో మేమున్న కాంప్లెక్స్‌లో, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్న మగవాణ్ణి కూడా బ్యాచిలర్ అనేవాళ్ళు. భార్య పక్కన లేకపోతే చాలు. ఆమె ఊళ్ళో నాట్లు వేస్తూ, పిల్లల్ని బడికి పంపుతూ, అత్తకు మందులు తెచ్చిపెడుతూ ఉన్నా సరే, ఆమె మొగుడు ఇక్కడ బ్యాచిలరే. భార్యకు వీసా తెచ్చుకోగలిగినంత పెద్ద ఉద్యోగం ఉన్నవాడు ఫ్యామిలీ. ఒక్క మనిషిని పట్టుకుని ఫ్యామిలీ అనడమేమిటని వచ్చిన కొత్తలో అడిగితే, నాకింకా ఊరి వాసన పోలేదన్నట్టు నవ్వారు. ఏడాది తిరిగేసరికి మా ఆయన కూడా "వాళ్ళు ఫ్యామిలీ, వీళ్ళు బ్యాచిలర్స్" అని అతి మామూలుగా అనడం మొదలుపెట్టాడు.

మా అన్న బ్యాచిలర్. వదిన, ఇద్దరు పిల్లలు జగిత్యాల పక్క మా ఊళ్ళో ఉండేవాళ్ళు. చిన్నప్పుడు మా ఇద్దరిలో చదువు నాకు అబ్బింది. గురుకులంలో చదివి, బీఎడ్ చేసి, మెట్రో రైలు పనుల్లో ఉన్న ఇంజనీరును చేసుకుని దోహా వచ్చాను. అన్న ఇంటర్ తర్వాత మేస్త్రీల వెంట తిరిగి, అటునుంచి గల్ఫ్ దారి పట్టాడు. నేను వచ్చేనాటికే అతను అక్కడున్నాడు. స్టేడియంలో స్కాఫోల్డింగ్ పని, అంటే మిగతా పనివాళ్ళు పైకెక్కి నిలబడడానికి ఇనప పైపులతో మంచెలు కట్టే పని. వాళ్ళ కూలీల క్యాంప్ ఊరి చివర మెసైమీర్ దాటాక ఎక్కడో ఉండేది. మాది అల్ సద్‌లో నాలుగు బ్లాకుల కాంప్లెక్స్. ఒకే తల్లి పిల్లలం, ఒకే నగరంలో ఉన్నాం. కలుసుకోవాలంటే మాత్రం బస్టాపే గతి.

ఎందుకంటే అన్నకు సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ శుక్రవారమే పెద్ద మాల్స్‌లోకి, పార్కుల్లోకి ఫ్యామిలీలను తప్ప రానిచ్చేవాళ్ళు కాదు. మా కాంప్లెక్స్ గేటు దగ్గర గార్డు సంగతి సరేసరి. "బ్యాచిలర్ మాఫీ, భాయ్" అని, అంటే బ్యాచిలర్‌కు ప్రవేశం లేదని, చెయ్యి అడ్డం పెట్టేవాడు. అందుకని బస్టాపు దగ్గర కారాపి, అద్దం దించి, చేసుకొచ్చిన సకినాలో చికెన్ కూరో అన్న చేతికిచ్చేదాన్ని. ఎండ లోపలికి వస్తుందని మా ఆయన అద్దం ఎక్కించమనేవాడు. వెనక సీటులో పాప నిద్రపోతూ ఉండేది. అన్న అద్దంలోంచే దాన్ని చూసి, "పండనియ్, లేపకు" అనేవాడు. అదీ మేనమామకూ మేనకోడలికీ ఉన్న రాకపోకల వైభవం.

ఆ రోజుల్లో దోహాలో ఎవరిని కదిపినా వరల్డ్ కప్ మాటే. మా కాంప్లెక్స్ తెలుగువాళ్ళకైతే అది తమ ఇంటి పెళ్ళి. మాకొక కమిటీ ఉండేది. దానికొక ప్రెసిడెంటు గారు. కోస్తా మనిషి, ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫైనాన్స్ మేనేజరు. ఆయన పకోడీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, "మన స్టేడియం పైకప్పు దాకా వచ్చేసిందండీ, రాత్రింబవళ్ళు కష్టపడుతున్నాం" అనేవారు. ఆయన రాత్రింబవళ్ళ కష్టం ఎలాంటిదో సాయంత్రం నాలుగింటికే స్విమ్మింగ్ పూల్‌లో తేలుతుండగా మేమంతా చూసేవాళ్ళం. అదే స్టేడియానికి నిజంగా పైపులు మోసినవాడు గేటు దాటి లోపలికి రాకూడదన్న సంగతిలో ఆయనకు వింతేమీ కనపడేది కాదు.

ఆయన చెడ్డవాడు కాదు. అదే నాకు మరీ చిరాకు. చెడ్డవాడైతే తిట్టుకోవడం తేలిక. పిల్లలంటే ప్రాణం ఆయనకు. జేబులో ఎప్పుడూ చాక్లెట్లుండేవి. మా పాప పూల్‌లో దిగడం నేర్చుకున్నది ఆయన భుజం పట్టుకునే. కాంప్లెక్స్ పిల్లలందరికీ ఆయన మామ.

నేనొక బ్రిటిష్ సిలబస్ బడిలో ఏడో తరగతికి చరిత్ర చెప్పేదాన్ని. ఆ టర్మ్‌లో పాఠం అమెరికా తీరాన బ్రిటిష్ వాళ్ళ తొలి కాలనీలు. అక్కడి బతుకుతెరువేమిటి, ఎవరెలా బతికారు అన్నది విషయం. వర్జీనియాలో పొగాకే పంట, పొగాకే నాణెం. ఎంతమంది కూలీలను ఓడెక్కించి తెస్తే, తెచ్చినవాడికి తలకింత చొప్పున భూమి. వచ్చినవాడు మాత్రం కట్టుబడిన కాలం తీరేదాకా యజమాని ఒప్పుకోకుండా పెళ్ళి కూడా చేసుకోకూడదు. పొగాకుతో నడమంత్రపు సిరి వచ్చిన దొరలు లండన్ నుంచి కుర్చీలు, పరదాలు, పెట్టుడు జుట్టు తెప్పించుకుని, ఆ ఉక్కలో తగిలించుకు తిరిగేవాళ్ళు. ఇది చెబుతుంటే నాకు మా ప్రెసిడెంటు గారి డ్రాయింగ్ రూములో వెల్వెట్ సోఫా కళ్ళ ముందు కదిలేది.

ఉత్తరాన ఉన్న కాలనీల్లో పద్ధతులు ఇంకా ముచ్చటైనవి. చర్చిలో ఎవరు ఏ బల్ల మీద కూర్చోవాలో హోదాను బట్టి ఊరి పెద్దలే తేల్చేవాళ్ళు. ఆస్తి లేనివాడు లేసు అంచు చొక్కా వేసుకుంటే తప్పు. మరొకటి, పెళ్ళికాని మగవాడు ఒంటరిగా ఇల్లు పెట్టుకుని ఉండకూడదు. ఏదో ఒక కుటుంబంలో చేరి, వాళ్ళతో తిని, వాళ్ళ ఇంటిపెద్ద మాట విని ఉండాలి. మనిషి ఒంటరిగా ఉంటే చెడిపోతాడని వాళ్ళ భయం.

ఒక పిల్ల చెయ్యెత్తి, "మిస్, అంటే బ్యాచిలర్స్‌ను బలవంతంగా ఇంట్లో పెట్టుకునేవాళ్ళా?" అని అడిగింది.

"అవును."

"మరి మా కాంప్లెక్స్‌లో గేటు బయట పెడతారుగా."

క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి పొగాకు ఎగుమతుల గురించి రాయడం మొదలుపెట్టాను. ఆ మొరటు కాలనీ మనుషులు కొరడా చేతిలో పట్టుకునైనా ఒంటరివాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి ఇంత గంజి పోశారు. ఎయిర్ కండిషన్‌లో కూర్చుని మానవ హక్కుల గురించి వాట్సాప్‌లో పంచుకునే మావాళ్ళకు ఆపాటి ఆలోచన కూడా రాలేదు.

పాపకు మూడో ఏడు నడుస్తున్నప్పుడు ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "పొల్లకు చెవులు కుట్టియ్యరా? మూడో ఏట కుట్టియ్యాలె. మల్ల ఐదో ఏడు దాంక ఆగుతరా?"

"సెలవు దొరుకతలేదమ్మా. వచ్చినంక సూద్దాం."

"అచ్చేదేందే? దుబాయ్‌ల మీ అన్న ఉన్నడు గద. మేనమామ ఒళ్ళె కూసోవెట్టి ఆడనే కుట్టియ్యుర్రి."

అమ్మకు గల్ఫ్ మొత్తం దుబాయే. అందులో కొడుకూ కూతురూ ఒక వాడలో ఉన్నట్టే ఆమె లెక్క. కానీ ఆమె అన్నదాంట్లో తప్పేముంది? మాలో చెవులు కుట్టేటప్పుడు పిల్లను మేనమామ ఒళ్ళోనే కూర్చోబెడతారు. కొత్త బట్టలు ఆయనే తెస్తాడు. నొప్పికి ఏడిస్తే నోట్లో బెల్లం పెట్టేది ఆయనే. తండ్రికి కూడా లేని హక్కు అది.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. మెల్లగా అన్నాడు. "నా బిడ్డ చెవులు కుట్టిచ్చిననాడు ఫోన్ల సూసిన చెల్లె. సిగ్నల్ లేక బొమ్మ ఆగాగి అచ్చింది. ఏడ్సుడు ఇనవడ్డది గని మొఖం కనవడలే. ఇదన్న నా ఒళ్ళె అయితదంటే అంతకన్న ఏంగావాలె."

అప్పటినుంచి ప్రతి ఫోన్‌లోనూ అదే మాట. పావడా ఏ రంగు తేవాలి, పాప కొలత ఎంత, ఎండుకొబ్బరి కుడుకలు ఏ దుకాణంలో మంచివి దొరుకుతాయి. ఎన్నో ఏళ్ళుగా బంధువుల పెళ్ళిళ్ళూ చావులూ ఫోన్‌లోనే చూసిన మనిషి. తన చేతులతో చేసే శుభకార్యం ఒకటి దొరికింది అతనికి. అది దక్కాలంటే ఒక్కటే అడ్డం, మా గేటు.

మా ఫ్లాట్ చిన్నది కనుక కింద హాల్ అడిగాం. హాల్ ఇవ్వాలంటే కమిటీ ఊఁ అనాలి. ప్రెసిడెంటు గారు ఎంతో సంతోషించారు. మెనూ కూడా ఆయనే చెప్పారు. మా అన్న వస్తాడన్నాక మాత్రం గొంతు తగ్గించారు.

"ఏం చేస్తుంటారమ్మా ఆయన?"

"స్కాఫోల్డింగ్. క్యాంప్‌లో ఉంటాడు."

"ఫ్యామిలీ ఇక్కడ లేదన్నమాట. చూడమ్మా, నా మటుకు నాకు ఏమీ లేదు. కానీ ఒక్కళ్ళకి ఇచ్చామంటే రేపు అందరూ మొదలెడతారు. ఆడవాళ్ళు తిరిగే చోటు. అయినా నువ్వేం దిగులు పెట్టుకోకు, నేనున్నాను కదా. నేను కూర్చుంటాను ఒళ్ళో పెట్టుకుని. పాప నన్ను మామా అనే కదా పిలుస్తుంది. వరుస కలిసిపోయినట్టే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వరుసలు కమిటీ తీర్మానంతో కలవవండీ" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. నిజంగానే నొచ్చుకున్నారు. గొప్ప త్యాగం చేయబోతే నేను అడ్డుపడినట్టు చూశారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, టీవీలోంచి తల తిప్పకుండా, "వాళ్ళతో గొడవెందుకు? మీ అన్నయ్యకు భోజనం ప్యాక్ చేసి పంపిద్దాం. ఫోటోలు కూడా పంపిద్దాం" అన్నాడు.

"ఒళ్ళు కూడా ప్యాక్ చేసి పంపించమంటారా?" అన్నాను. టీవీ సౌండ్ పెంచుకున్నాడు. ఇంజనీరు కదా, సమస్యకు పరిష్కారం వెంటనే దొరికింది.

అన్నకు ఈ సంగతి ఎలాగో తెలిసిపోయింది. "ఎందుకే లొల్లి? పిల్ల చెవులు కుట్టుడు ముఖ్యం గని నేనున్నది లేనిది ఎవలు సూస్తరు?"

"నేను సూస్త" అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు కాంప్లెక్స్ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. అతనొక బ్రిటిష్ మనిషి. లిఫ్టులో అతికించిన నిబంధనల కింద సంతకం అతనిదే. అందుకని పెద్ద యుద్ధానికే తయారై వెళ్ళాను. ఏడో తరగతికి చెప్పిన పాఠం అంతా అతని మొహాన కొడదామని వాక్యాలు కూర్చుకున్నాను. అతను టీ తాగుతూ మొత్తం విన్నాడు.

"మేడమ్, ఇక్కడ బ్యాచిలర్లు అద్దెకు ఉండకూడదన్నది ఓనర్ నియమం. ఫంక్షన్‌కు వచ్చే అతిథుల మీద ఏ నియమమూ లేదు. బ్యాచిలర్లను గెస్టులుగా కూడా రానివ్వొద్దని కోరింది మీ కమిటీయే. నాకు విచిత్రంగానే అనిపించింది. మీ ఆచారమేమో అనుకున్నాను."

నేను కూర్చుకున్న వాక్యాలన్నీ దండగయ్యాయి. అతను చిన్న చిరునవ్వుతో, "మీవాళ్ళు చాలా పద్ధతి గల మనుషులు" అని కూడా అన్నాడు. ఆ మెచ్చుకోలు కన్నా చెంపదెబ్బ నయం. అతని తాతలు గీతలు గీసి మనుషుల్ని నిలబెట్టడానికి తుపాకులూ ఓడలూ వాడాల్సి వచ్చింది. మావాళ్ళు అడక్కుండానే సుద్దముక్క తీసుకుని బయల్దేరారు.

ఏమైతేనేం, పాస్ రాసిచ్చాడు. ఎవరి తాలూకు అన్నచోట 'ఫ్యామిలీ గెస్ట్' అని రాశాడు. అంతకాలంగా బ్యాచిలర్‌గా ఉన్న మా అన్న ఒక్క కలం పోటుతో ఫ్యామిలీ అయిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. కమిటీ ఆడవాళ్ళకు లిఫ్టులో కనపడినప్పుడల్లా తల ఎత్తుకునే నడిచాను.

ఆ శుక్రవారం అన్న కంపెనీ బస్సులో కొంత దూరం, సిటీ బస్సులో కొంత దూరం వచ్చి గేటు దగ్గర దిగాడు. కొత్త చొక్కా మీద మడతల గీతలు ఇంకా పోలేదు. నూనె రాసి తల దువ్వుకున్నాడు. చేతిలో సంచి. అందులో పాపకు పట్టు పావడా, కుడుకలు, బెల్లం. గార్డు పాస్ తిప్పి తిప్పి చూసి, ఆఫీసుకు ఫోన్ చేసి, చివరికి సరేనన్నాడు. లోపల అడుగుపెడుతూ అన్న చెప్పులు విప్పబోయాడు. "ఇది గుడి కాదు, నడు" అన్నాను.

హాల్లో అప్పటికే అందరూ చేరారు. అన్నను చూసి ఎవరూ ఏమీ అనలేదు. మర్యాదస్తులు అనరు కదా. పక్క కుర్చీల మీద హ్యాండ్‌బ్యాగులు పెట్టుకున్నారు, అంతే. ఒకావిడ అతన్ని చూసి, "బాబూ, ఆ రెండు కుర్చీలు ఇటు వెయ్యి" అంది. అన్న సంచి కింద పెట్టి తెచ్చి వేశాడు. ఇంకొకాయన ఏసీ తగ్గించమన్నాడు. అన్న స్విచ్ ఎక్కడుందోనని వెతకడానికి వెళ్ళాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మా ఆయన అంతా చూస్తూ ఫోటోగ్రాఫర్‌కు లైటింగ్ గురించి చెబుతున్నాడు.

నగల షాపులో పనిచేసే ఒక కంసాలి గారిని పిలిపించాం. నెల్లూరు వైపు పెద్దాయన. పీట వేసి, పసుపు, కుంకుమ, బంగారు తీగ పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నాడు. పాపకు అన్న తెచ్చిన పావడా కట్టాను. సరిగ్గా సరిపోయింది. అన్న పీట మీద బాసింపట్టు వేసుకుని, చేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకుని, చాచాడు.

"రా బిడ్డ, రా" అన్నాడు.

పాప అతని మొహం చూసింది. ఎండకు నల్లబడ్డ మొహం, పైపులు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు. కారు అద్దం అవతల ఎప్పుడూ నిద్ర కళ్ళతో తప్ప చూడని మనిషి. నా చీర కుచ్చిళ్ళలో దూరింది. ఎత్తుకుని అతని ఒళ్ళో కూర్చోబెట్టబోయాను. విల్లులా వెనక్కి వంగి కేకలు పెట్టింది. ఇంకా సూది కూడా చూడలేదు అది. ఎలాగో విడిపించుకుని, హాల్లో అంతమందిలో వెతుక్కుని, "మామా" అంటూ పరిగెత్తి ప్రెసిడెంటు గారి మోకాళ్ళను కావలించుకుంది.

ఆయన గెలిచానన్నట్టు చూడలేదు. ఇబ్బంది పడ్డారు. పాపను ఎత్తుకుని వీపు నిమురుతూ, "అలవాటు లేదు కదమ్మా పాపం" అన్నారు.

"ఇటివ్వండి సార్" అని లాక్కుని మళ్ళీ అన్న ఒళ్ళో పెట్టాను. పాప గుక్క పట్టింది. అంత పొడుగు ఇనప పైపుల్ని నెత్తి మీద నిలబెట్టే మనిషి, ఆ పిల్లను పట్టుకోవడానికి చేతులు బిగించలేకపోయాడు. పట్టీ పట్టనట్టు పట్టుకున్నాడు. అది కాళ్ళతో అతని గుండెల మీద తన్నుతోంది.

కంసాలి గారు తీగ కింద పెట్టేశాడు. "ఇలా కదిలితే చెవి చీరుకుపోద్దమ్మా. పాప ఎవరి దగ్గర ఊరుకుంటదో వాళ్ళని కూర్చోమనండి."

వద్దు, ఇంకోరోజు కుట్టిస్తాం అని చెబుదామని నేను నోరు తెరిచేలోపే అన్న లేచాడు. పాపను తనే ఎత్తుకుని, దూరంగా పట్టుకుని తీసుకెళ్ళి ప్రెసిడెంటు గారి చేతిలో పెట్టాడు. "జెర మీరు కూసోండి సార్. పొల్ల భయపడ్తాంది" అన్నాడు. ఆయన వచ్చి పీట మీద కూర్చున్నారు. పాప ఆయన మెడ కింద మొహం పెట్టుకుని ఊరుకుంది. ఎక్కిళ్ళు కూడా ఆగిపోయాయి. అన్న వెనక్కి తగ్గి, కుర్చీల వెనక గోడను ఆనుకుని నిలబడ్డాడు.

కంసాలి గారికి మా సంగతులేవీ తెలియవు. పద్ధతి ప్రకారం కుంకుమ వేలికి అద్దుకుని తలెత్తాడు. "మేనమామ గారెవరండీ? ముందు ఆయనకు బొట్టు పెట్టాలి."

ప్రెసిడెంటు గారు నా వైపు చూశారు. మా ఆయన నేల వైపు చూశాడు. ఎంతటివాళ్ళకైనా అక్కడికక్కడే జవాబు చెబుతానని కాంప్లెక్స్‌లో నాకు పేరు. ఆ ప్రశ్నకు మటుకు వంగి పాప పావడా అంచు సర్దసాగాను.

కుర్చీల వెనక నుంచి అన్నే చెయ్యెత్తి పీట వైపు చూపించాడు.

"ఆయననే" అన్నాడు.